వంతెన ఎక్కగానే కేకలెందుకు? ఆటిజం పిల్లల ప్రయాణ భయాలపై మీ ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నలు చాలావరకు ప్రయాణాల గురించే. బస్సు, పంటు (మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ), రైలు, వరదల్లో పడవ: గోదావరి పాయల మధ్య కాపురం ఉన్నవాళ్లకి ఇవేవీ తప్పేవి కావు. ఒకే రకంగా ఉన్న ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర పల్లె. బాబుకి ఏడేళ్లు, ఆటిజం. మాటలు తక్కువ, చెప్పింది బాగానే అర్థమవుతుంది. వారానికోసారి థెరపీకి కాకినాడ తీసుకెళ్లాలి. బస్సు ఎదుర్లంక వంతెన ఎక్కేసరికి చెవులు మూసుకుని కేకలు పెడతాడు, నా చెయ్యి కొరికేస్తాడు. ఈమధ్య మురమళ్ల దాటగానే మొదలెడుతున్నాడు. ఆటో మాట్లాడుకుని వెళ్తే ఇంత గొడవ ఉండదు గానీ ప్రతివారం ఆ ఖర్చు మా వల్ల కావట్లేదు. ఏం చెయ్యమంటారు?
— ఒక తల్లి

జవాబు: మీ ఉత్తరంలోనే ఒక ఆధారం ఉందమ్మా. ఆటోలో ఇంత గొడవ లేదన్నారు. వంతెన అదే, ఎత్తు అదే, కింద గోదావరీ అదే. అంటే మీ బాబు భయం నీళ్లది కాకపోవచ్చు, ఎత్తుదీ కాకపోవచ్చు. బస్సు వంతెన ఎక్కేటప్పుడు డ్రైవరు గేరు తగ్గిస్తాడు, ఇంజను హోరు పెరుగుతుంది. వంతెన పలకల మధ్య అతుకుల మీద చక్రాలు పడినప్పుడల్లా 'దబ్' మంటుంది, ఆ అదురు సీటు ద్వారా ఒంటికి తగులుతుంది. పైగా జనం, హారన్లు, కిటికీ రేకుల గలగల. ఆటోలో ఇవన్నీ తక్కువ. మురమళ్ల దగ్గరే మొదలవడం మాత్రం వేరే సంగతి. అది శబ్దం కాదు, 'ఇక రాబోతోంది' అన్న బెంగ. శబ్దానికి ఒక మందు, బెంగకి ఇంకో మందు. రెండూ కలిపి చూస్తేనే పని జరుగుతుంది.

ముందుగా రెండు మూడు ప్రయాణాల్లో చిన్న చీటీ రాయండి: ఎక్కడ మొదలైంది, అప్పుడు ఏం వినిపించింది, ఏ సీటు, తిన్నాడా, నిద్ర చాలిందా, ఎంతసేపటికి తగ్గింది. ఉన్నట్టుండి కొత్తగా భయం మొదలైన పిల్లల్లో చెవి నొప్పి, పంటి నొప్పి, మలబద్ధకం ఉన్నాయేమో డాక్టరుకి చూపించాలి. నొప్పి అని చెప్పలేని పిల్లాడు కేకే పెడతాడు.

బెంగకి పనికొచ్చేది బొమ్మల పుస్తకం. ఫోనుతో ఎనిమిది ఫొటోలు తియ్యండి: మీ ఇల్లు, మీరెక్కే బస్టాపు, బస్సు తలుపు, సీటు, వంతెన మొదలు, వంతెన మధ్య, యానాం, చివర థెరపీ గది. పోస్టుకార్డు సైజులో ప్రింటు వేయించి చిన్న ఆల్బంలో పెట్టి, ఒక్కో ఫొటో కింద ఒక వాక్యం, అదీ బాబు మాటగా రాయండి. 'బస్సు వంతెన ఎక్కుతుంది. దబ్ దబ్ అని చప్పుడొస్తుంది. నేను చెవులకి మఫ్ పెట్టుకోవచ్చు. వంతెన అయిపోతుంది. యానాం వస్తుంది.' రోజుకోసారి, బాబు హాయిగా ఉన్న వేళ, ఒక వారం పాటు చూపించండి. 'చప్పుడు రాదు, భయం లేదు' అని మాత్రం రాయకండి. చప్పుడొస్తుంది. వచ్చిన మరుక్షణం మీ పుస్తకం మీద బాబుకి నమ్మకం పోతుంది.

శబ్దానికి అలవాటు ఇంట్లోనే మొదలు. వంతెన మీద బస్సు లోపలి చప్పుడు ఒక నిమిషం రికార్డు చెయ్యండి. బాబు ఇష్టమైన ఆటలో మునిగి ఉన్నప్పుడు అతి తక్కువ వాల్యూంలో అర నిమిషం వినిపించి ఆపెయ్యండి. వరసగా రెండు రోజులు చెవుల మీదికి చెయ్యి వెళ్లకపోతే ఒక్క గీత పెంచండి. వెళ్తే ఒక గీత తగ్గించండి. వాల్యూం మీట వాడి చేతికే ఇవ్వగలిగితే ఇంకా మంచిది. ఫోను స్పీకరు ఇంజను అదురును తేలేదు కాబట్టి ఇది సగం పనే.

మిగతా సగం బస్సులో, మెట్టు మెట్టుగా. అమలాపురం బస్టాండులో ఆగి ఉన్న బస్సుతో మొదలుపెట్టండి. డ్రైవరునో కండక్టరునో అడిగి, ఇంజను ఆపి ఉండగా ఎక్కి రెండు నిమిషాలు కూర్చుని దిగిపోండి. అది సులువయ్యాక ఇంజను ఆన్‌లో ఉన్న బస్సు. తర్వాత ఒక్క స్టాపు. తర్వాత మురమళ్ల దాకా వెళ్లి దిగి, వాడికి నచ్చింది తినిపించి వెనక్కి. ఆడవాళ్లకి ఉచిత బస్సు ప్రయాణమిచ్చే స్త్రీశక్తి పథకం వచ్చాక పల్లెవెలుగు బస్సుల్లో మీ టికెట్‌కి డబ్బులు పడవు, బాబుది అరటికెట్టు. కాబట్టి ఈ చిన్న ప్రయాణాల ఖర్చు భయపెట్టేదేం కాదు. ఆ పథకం వల్లనే బస్సుల్లో రద్దీ పెరిగిందన్నది నిజమే. ఉదయం బడివేళ, సాయంత్రం తిరుగువేళ వదిలి మధ్యాహ్నం పన్నెండు, రెండు మధ్య వెళ్లండి. ఆ తర్వాత ఎదుర్లంకలో దిగి, ఒడ్డున నీడ చూసుకుని కూర్చుని వంతెన మీద వెళ్లే బస్సుల్ని చూడడం. ఆటోలో వంతెన దాటడం ఎలాగూ వచ్చు. ఇక బస్సులో వంతెన దాటి యానాంలో దిగడం. అది కుదిరాకే కాకినాడ.

వంతెనను చివరికి ఎందుకు పెట్టామంటే, మిగతా ఏ మెట్టులోనైనా దిగిపోయే వీలుంది, వంతెన నడుమ లేదు. దిగే దారి లేని చోటికి పిల్లాడిని తొందరపడి తీసుకెళ్లకూడదు.

ఒక మెట్టు నుంచి పై మెట్టుకి ఎప్పుడు వెళ్లాలి? వరసగా మూడుసార్లు పెద్దగా గాభరా పడకుండా చేస్తే వెళ్లండి. వారానికి రెండు మూడుసార్లు చెయ్యండి. వర్షాల వల్లో జ్వరం వల్లో పది రోజులు మానేస్తే ఒక మెట్టు కిందనుంచి మొదలెట్టండి. ఈ అభ్యాసం థెరపీ రోజున పెట్టకండి. ఆ రోజు టైముకి చేరాలన్న ఆత్రం మీ ముఖంలో కనబడుతుంది, బాబు దాన్నే చదువుతాడు. మెట్లు ఎక్కుతున్నన్నాళ్లు థెరపీకి ఆటోలోనే వెళ్లండి. కుదరకపోతే ఆ వారాల్లో సగం సెషన్లు వీడియోలో చేస్తారేమో థెరపిస్టుని అడగండి.

సీటు సంగతి. ముందు సీట్లలో ఇంజను వేడి, హారను రెండూ ఎక్కువ. వెనక చక్రాల మీదా వాటి వెనకా ఎగరవేత ఎక్కువ. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ నడుమ ఉన్న సీట్లు అన్నిటికంటే కుదురుగా ఉంటాయి. వంతెన రెయిలింగు నీడలు కళ్ల మీద చకచకా మారడం కూడా కొందరికి పడదు. బాబుని లోపలివైపు కూర్చోబెట్టి, అంచున్న టోపీ పెట్టండి.

చెవి మఫ్‌లు ఫ్యాక్టరీల్లో వాడే రకం పనిముట్ల దుకాణాల్లో దొరుకుతాయి. పిల్లల తలకి సరిపోయేది చూసి కొనండి. వదులుగా ఉంటే దండగ, బిగుతైతే అదే కొత్త పేచీ. ఇంట్లో ముందుగా రోజూ అయిదు నిమిషాలు అలవాటు చెయ్యాలి. ఎదుర్లంకలో పెట్టి యానాంలో తీసెయ్యండి. రోజంతా పెట్టి ఉంచితే చెవి నిశ్శబ్దానికి అలవాటుపడి మామూలు చప్పుళ్లు కూడా పడకుండా పోతాయి.

వంతెన దాటడానికి బస్సుకి ఎంత టైము పడుతుందో మీరు ఒకసారి ఫోనులో చూసుకోండి. ఒక అట్ట ముక్క మీద అయిదు నక్షత్రాలు వెల్‌క్రోతో అంటించండి. వంతెన పొడుగునా సమానంగా ఒక్కొక్కటి పీకి బాబు చేతిలో పెట్టండి. చివరిది పీకేసరికి వంతెన అయిపోవాలి. ఎప్పుడు ముగుస్తుందో కంటికి కనబడితే పిల్లాడు ఓర్చుకుంటాడు. ట్రాఫిక్ ఆగి ఆలస్యమైతే నక్షత్రం పీకడం ఆపండి గానీ, అయిపోకుండానే 'అయిపోయింది' అనకండి.

ఇంత చేసినా ఒకరోజు కేకలు పెడతాడు. అప్పుడు మాటలు తగ్గించండి. 'చెవి మఫ్. ఊపిరి. అమ్మ ఉంది.' అంతే. గట్టిగా హత్తుకోవడం ఇష్టపడే పిల్లాడైతే హత్తుకోండి. ముట్టుకుంటే రెచ్చిపోయేవాడైతే మీ శాలువా తల మీదుగా గుడారంలా కప్పండి. చెయ్యి కొరకకుండా నమిలే రబ్బరు గొలుసు ముందే మెడలో ఉంచండి. పక్కవాళ్లకి నోటితో వివరించే ఓపిక మీకు అప్పుడుండదు కనక ఒక చీటీ పెట్టుకోండి: 'మా బాబుకి ఆటిజం. చప్పుడుకి భయపడి అరుస్తున్నాడు. దయచేసి మాట్లాడించకండి, తాకకండి. కాసేపట్లో తగ్గుతుంది.' కండక్టరుకి ఎక్కగానే ఇచ్చెయ్యండి. సగం చూపులు అక్కడే ఆగిపోతాయి.

బహుమతి ఉండాలి, కానీ దిగాకే. ఏడుస్తుండగా బిస్కెట్టు చేతిలో పెడితే, ఏడిస్తే బిస్కెట్టు వస్తుందన్న పాఠం ఒక్కటే మిగులుతుంది.

ప్రశ్న: మా అత్తగారు, బావగారు 'నాలుగుసార్లు బలవంతంగా ఎక్కించండి, ఏడ్చి ఏడ్చి వాడే ఊరుకుంటాడు' అంటారు. నిజమేనా?
— రాజోలు

జవాబు: ఊరుకున్నాడంటే భయం పోయినట్టు కాదు. అలసిపోయినట్టు, లేదా ఎంత అరిచినా ఎవరూ వినరని తెలిసిపోయినట్టు. అలా ఊరుకున్న పిల్లలు కొన్నాళ్లకి చెప్పులు వేసుకోమంటేనే దాక్కుంటారు. భయం బస్సు నుంచి ఇంటి గుమ్మంలోకి వస్తుంది.

అయితే రెండో వైపు కూడా చెప్పాలి. 'పాపం, ఏడుస్తున్నాడు' అని ప్రయాణాలన్నీ మానేస్తే భయం తగ్గదు, పెరుగుతుంది. అత్తగారితో వాదన అక్కర్లేదు. బాబు మంచి మెట్టు మీద ఉన్న రోజున ఆవిణ్నే వెంట తీసుకెళ్లండి. చూస్తే నమ్ముతారు.

ప్రశ్న: సఖినేటిపల్లి రేవు నుంచి పంటు మీద నరసాపురం వెళ్లాలి. పాపకి పదేళ్లు, మాటలు వచ్చు, ఆటిజం. పంటు ఇంజనంటే భయం. విచిత్రం ఏమిటంటే నీళ్లంటే భయం లేదు, అంచుకి పరిగెత్తుతుంది. ఏది ముందు చూడాలి?
— ఒక తండ్రి

జవాబు: అంచు ముందు. ఇంజను భయం ఆగుతుంది, నీళ్లు ఆగవు.

ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి నీళ్లంటే విపరీతమైన ఇష్టం, లోతు మీద అంచనా ఉండదు. కాలువ గట్టు మీద ఇళ్లున్న మన ఊళ్లలో ఇది ప్రయాణానికే పరిమితమైన సమస్య కాదు. తలుపుకి పైన, అందనంత ఎత్తులో గడియ, గేటుకి గంట, పాప బట్టల లోపలివైపు కుట్టిన ఫోను నంబరు ఎప్పుడూ ఉండాలి. ఈత నేర్పించండి. నేర్చాక కూడా ఒంటరిగా వదలకండి.

పంటు మీద ఒక పెద్దవాళ్లు పాప ఒక్కదాన్నే చూసుకోవాలి. సామాను, టికెట్లు ఇంకొకరివి. వేళ్లు పట్టుకుంటే చెమటకి జారిపోతాయి, మణికట్టు పట్టుకోండి. ఎక్కకముందే ఒడ్డున లైఫ్ జాకెట్ వేసి కాళ్ల మధ్య పట్టీ కూడా బిగించండి. ఆ పట్టీ లేకపోతే నీళ్లలో జాకెట్ పైకి జరిగి గడ్డం దాటుతుంది. నిలబడే చోటు పంటు నడుమ, ఇంజనుకి దూరంగా ఉండే వైపు. మోటారు సైకిళ్లు, కార్లు దిగేవరకు ఆగి చివర దిగండి.

నీళ్లు చూడాలన్న కోరికని పూర్తిగా కాదంటే పట్టు ఎక్కువవుతుంది. 'ముందు కూర్చోవడం, తర్వాత నీళ్లు' అని రెండు బొమ్మల అట్ట చూపించండి. అవతలి ఒడ్డున దిగాక, మీ చెయ్యి పట్టుకుని, మెట్ల మీద నుంచి అయిదు నిమిషాలు చూడనివ్వండి. మాట తప్పకండి.

ఇక ఇంజను. మాటలు వచ్చిన పాప కాబట్టి మీకు పని తేలిక. పచ్చ, పసుపు, ఎరుపు కార్డులిచ్చి భయం ఎంతో చూపించమనండి. రేవులో కూర్చుని రెండు మూడు పంట్లు వచ్చిపోవడం చూడ్డం మొదటి పని. ఏ చప్పుడు ఎప్పుడొస్తుందో వరస చెప్పండి: గొలుసు, ఎక్కి దిగే పలక దించడం, బళ్ల హారన్లు, ఇంజను, ఒడ్డుకి తగిలినప్పుడు కుదుపు. పసుపు కార్డు పచ్చకి మారేదాకా అక్కడే. మరో రోజు ఆగిన పంటు ఎక్కి దిగడం. దాటడం ఆ తర్వాతే. ఆటుపోట్లని బట్టి పంటు పలక వాలు మారుతుంది. పోటు మీద చదునుగా ఉండి, ఆటు వేళ నిటారుగా కనిపిస్తే పాప మొరాయిస్తుంది. 'ఈరోజు పలక ఏటవాలుగా ఉండొచ్చు' అని ముందే ఒక్క మాట వెయ్యండి.

ప్రశ్న: మాది పాలకొల్లు. తొమ్మిదేళ్ల బాబుని హైదరాబాదులో డాక్టరుకి చూపించాలి. రాత్రి రైలు. రైలు బాత్రూమ్ అంటే ప్రాణం పోతుందన్నంత భయం. రాయితీ ఏమన్నా వస్తుందా?

జవాబు: రాయితీ ఉంది గానీ ఒక షరతు మీద. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ముందు యూడీఐడీ కార్డు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డు చేయించండి. రైలు రాయితీకి మాత్రం రైల్వే నమూనాలో సర్టిఫికెట్ కావాలి. అందులో ఉండే విభాగం బుద్ధిమాంద్యం, 'తోడు లేకుండా ప్రయాణించలేరు' అన్న షరతుతో. బాబుకి అది కూడా ఉందని డాక్టరు నిర్ధారించి రాస్తే స్లీపరులోనూ థర్డ్ ఏసీలోనూ 75 శాతం, సెకండ్ ఏసీ, ఫస్ట్ ఏసీలో 50 శాతం తగ్గుతుంది. వెంట వెళ్లే ఒకరికీ అంతే. రైల్వే వారి దివ్యాంగ్‌జన్ కార్డు తీసుకుంటే టికెట్ ఆన్‌లైన్‌లోనే తీసుకోవచ్చు, ప్రతిసారీ కౌంటరుకి కాగితాలు మోసే పని తప్పుతుంది.

రైలు నరసాపురంలోనే బయల్దేరేదైతే టికెట్ అక్కడినుంచే తీసుకుని అక్కడే ఎక్కండి. పది కిలోమీటర్ల దాకా వెనక్కి వెళ్లడం వెర్రిలా అనిపిస్తుంది గానీ, పాలకొల్లులో రైలు ఆగేది కాసేపే. ఆ తోపులాటలో ఎక్కించిన పిల్లాడు రాత్రంతా తేరుకోడు. మొదటి స్టేషనులో ఖాళీ బోగీలోకి తీరిగ్గా ఎక్కి, లైట్లు, ఫ్యాను, బెర్తు అన్నీ ముట్టుకుని చూసుకునే టైముంటుంది. బెర్తు బోగీ మధ్యలో, 25 నుంచి 48 లోపు పడితే తలుపుల చప్పుడు, బాత్రూమ్ వాసన దూరం. మనం కోరినట్టు నంబరు రాదు కాబట్టి కింది బెర్తు కోరుకుని, ఎక్కాక పైన చెప్పిన 'మా బాబుకి ఆటిజం' చీటీ చూపించి మార్చుకోమని అడగండి, ఎక్కువమంది ఒప్పుకుంటారు.

బాత్రూమ్‌లో భయం ఏ ముక్కదో చూడండి. ఫ్లష్ హోరా? ఊగుతున్న నేలా? వాసనా? కూర్చునే గుంటలో పడిపోతానన్న భయమా? ఫ్లష్ అయితే బాబు బయటికొచ్చాకే మీరు నొక్కండి, మఫ్ పెట్టుకునే లోపలికి వెళ్లమనండి. వాసనైతే వాడికి అలవాటైన సబ్బో నూనో రుమాలుకి రాసి ముక్కు దగ్గర పెట్టండి. గుంట భయమైతే వెస్టర్న్ కమోడు ఉన్న బాత్రూమ్ చూసుకోండి. ఊగడమైతే ఇంట్లో గోడకి చెయ్యి ఆనించి కూర్చునే అలవాటు వారం ముందే మొదలెట్టండి. ఇవేవీ కుదరకపోతే ఆ రాత్రికి డైపరు వెయ్యండి. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. మానేసిన డైపరు మళ్లీ వేస్తే అలవాటవుతుందని కొందరు భయపడతారు. 'రైలు డైపరు' అని పేరు పెట్టి దిగగానే తీసేస్తే అవ్వదు. బాత్రూమ్ భయంతో నీళ్లు తాగించడం మానెయ్యడం మాత్రం తప్పు. మలబద్ధకం పట్టుకుంటే తిరుగు ప్రయాణం ఇంకా కష్టం.

ఇంట్లో వాడే దుప్పటి, దిండు గలీబు ఉతక్కుండా తెచ్చుకోండి, ఆ వాసనే నిద్ర పట్టిస్తుంది. తినే వస్తువులు వాడు రోజూ తినేవే. రైల్లో కొత్త రుచులు పరిచయం చెయ్యకండి. ఏ సాయం కావాలన్నా రైల్వే హెల్ప్‌లైన్ 139.

ప్రశ్న: ప్రయాణం రోజున నిద్రమందు సిరప్ వేస్తే హాయిగా పడుకుంటాడని మెడికల్ షాపులో చెప్పారు. వెయ్యొచ్చా?

జవాబు: షాపు మాట మీద వెయ్యకండి. జలుబుకి, దురదకి వాడే మత్తు మందులు కొందరు పిల్లల్లో నిద్ర బదులు ఉద్రేకం తెస్తాయి. రైల్లో అర్ధరాత్రి ఆ సంగతి తెలిస్తే చేసేదేం ఉండదు. ఆటిజం ఉన్న పిల్లల్లో మూర్ఛ ఉండే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువ, ఈ మందుల్లో కొన్ని మూర్ఛని రేపగలవు. మందు నిజంగా అవసరమని మీ డాక్టరు అనుకుంటే ఆయనే మోతాదు రాస్తారు. దాన్ని ప్రయాణానికి వారం ముందు, ఇంట్లో, ఒక సెలవు రోజున వేసి చూడమని చెబుతారు. రోజూ వాడే మందులు మాత్రం ఒక్క పూట కూడా తప్పకూడదు. వాటిని సామాను పెట్టెలో కాదు, మీ చేతి సంచిలో పెట్టుకోండి.

వాంతి భయం ఉన్న పిల్లాడికి ఖాళీ కడుపు కూడా మంచిది కాదు. బయల్దేరే రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు చాలు. నూనె వస్తువులు, పాలు వద్దు. ఫోను చూపిస్తూ తీసుకెళ్తే కళ్లు తిరగడం ఎక్కువవుతుంది, పాటలు వినిపించండి.

ప్రశ్న: 2027 పుష్కరాలకి పాపని రాజమండ్రి తీసుకెళ్దామని ఇంట్లో అందరి కోరిక. ఆరేళ్లు, జనం అంటే గాభరా.

జవాబు: రాజమండ్రి పెద్ద ఘాట్లకి వద్దు. 2015 జులై 14న, మొదటి రోజునే, అక్కడ తొక్కిసలాటలో ప్రాణాలు పోయాయి. గాభరా పడే పిల్లని అలాంటి జనంలోకి తీసుకెళ్లి 'అలవాటు చెయ్యడం' ఎవరి వల్లా కాదు. గోదావరి మీ ఊరి పక్కనా ఉంది. పన్నెండు రోజుల్లో మొదటి, చివరి రోజులు, సెలవు రోజులు వదిలి, చిన్న రేవులో, ఎండ తగ్గిన వేళ వెళ్లండి. తల ముంచాలన్న పట్టు వద్దు. చాలామంది పిల్లలకి ముఖం మీద నీళ్లు పడితేనే ఊపిరాడనట్టవుతుంది. పాదాలు తడిపి, నెత్తిన నాలుగు చుక్కలు చల్లండి. పంతులుగారు కూడా కాదనరు.

ప్రశ్న: మాది లంక గ్రామం. వరద వస్తే పడవలో ఒడ్డుకి తరలిస్తారు. కిందటిసారి మా ఎనిమిదేళ్ల వాడు లైఫ్ జాకెట్ వేసుకోక, పడవ ఎక్కక నానా బాధా పెట్టాడు. అప్పటికప్పుడు మెట్టు మెట్టుగా అలవాటు చేసే టైము ఎక్కడిది?

జవాబు: అప్పటికప్పుడు ఉండదు, నిజమే. కాబట్టి ఎండాకాలంలోనే, గోదావరి గట్టుకి బాగా దిగువన ఉండగానే మొదలెట్టాలి.

జాకెట్ భయంలో భాగాలు మూడు: ప్లాస్టిక్ వాసన, మెడ దగ్గర గరుకు, బకిల్ టక్కుమనే చప్పుడు. ఒక జాకెట్ కొని గాని ఎరువు తెచ్చి గాని ఉతికి ఎండలో ఆరెయ్యండి. మెత్తటి పాత నూలు చొక్కా, కాలరున్నది, లోపల వేసి దాని మీద తొడగండి. మొదట వాడి ఎదుట మీరు వేసుకోండి. తర్వాత వాడు భుజాల మీద వేసుకుని ఇరవై లెక్కపెట్టేదాకా. తర్వాత బకిల్ వాడే పెట్టుకోవాలి. ఎవరో పెడితే ఉలిక్కిపడతాడు, తనే పెట్టుకుంటే చప్పుడు ఎప్పుడొస్తుందో తనకి తెలుసు. జూన్ నాటికి అన్నం తినేంతసేపు వేసుకుని ఉండగలగాలి. నాటు పడవ ఒడ్డున కట్టి ఉన్నప్పుడు ఎక్కి దిగడం కూడా ఈ నెలల్లోనే.

వరద హెచ్చరికల్ని మీ గడియారంగా వాడుకోండి. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి ఇస్తారు. దానికంటే ముందు కబురు భద్రాచలం నుంచి వస్తుంది: అక్కడ 43 అడుగులకి మొదటిది, 48కి రెండోది, 53కి మూడోది. భద్రాచలం మొదటి హెచ్చరిక విన్న రోజే బొమ్మల పుస్తకం తియ్యండి: నీళ్లు, పడవ, జాకెట్, శిబిరం పెట్టే బడి, మళ్లీ ఇల్లు. ధవళేశ్వరం మొదటి హెచ్చరికకి సంచి గుమ్మం దగ్గర ఉండాలి. రెండో హెచ్చరిక నాటికి, అధికారులు ఇంకా ఖాళీ చెయ్యమనకపోయినా, మీ ఇల్లు లోతట్టులో ఉంటే ముందే కదలండి. పగటి పూట, సగం నిండిన పడవలో, తొందర లేకుండా దాటడానికీ రాత్రి వానలో టార్చిలైట్ల మధ్య దాటడానికీ ఈ పిల్లల విషయంలో పోలికే లేదు.

సంచిలో: రెండు వారాల మందులు, ప్రిస్క్రిప్షన్, యూడీఐడీ కార్డు నకలు ప్లాస్టిక్ కవరులో, చెవి మఫ్, పొడి బట్టలు మూడు జతలు, ఎందుకంటే తడి గుడ్డ ఒంటికంటుకోవడం వీళ్లలో కొందరికి వాన కంటే పెద్ద బాధ, వాడు తినే పొడి తిండి మూడు రోజులకి, ఛార్జ్ చేసిన పవర్ బ్యాంకు, పాత బెడ్‌షీటు ఒకటి, తాడు. మీ ఫోను నంబరు వాడి చేతి మీద చెరిగిపోని పెన్నుతో రాయండి.

గ్రామ సచివాలయంలోనూ ఆశా కార్యకర్తకీ వేసవిలోనే చెప్పి ఉంచండి: మా ఇంట్లో ఆటిజం పిల్లాడున్నాడు, మొదటి పడవలో పంపండి, శిబిరంలో మూల గది కావాలి అని. మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం ఉంటే అక్కడి టీచరు ఈ మాట అధికారులకి గట్టిగా చెప్పగలరు. పడవలో మీరు ముందెక్కి కూర్చుని, వాణ్ని మీ మోకాళ్ల మధ్య, ముఖం మీవైపు తిప్పి కూర్చోబెట్టుకోండి. ఇంజను దగ్గర వద్దు.

శిబిరం చేరగానే తాడు కట్టి, బెడ్‌షీటు దాని మీద వేసి ఒక మూల మరుగు చెయ్యండి. భోజనాల వరసలో వాణ్ని నిలబెట్టకండి, ఒకరు వెళ్లి పళ్లెం తెస్తే చాలు. బాత్రూములు ఎక్కడున్నాయో మొదటి అరగంటలోనే, ఇంకా జనం నిండకముందే, చూపించి రండి.